తడిగుడ్డ చుట్టాకే తిరిగింది: ఇంట్లో చేసుకునే వేడిగాలి ఇంజన్ల గురించి

(ఒక ఆదివారం సాయంత్రం రాజమండ్రిలో గ్రంథాలయం హాల్లో చేసిన ప్రసంగం. రికార్డింగ్ విని రాసిన పాఠం.)

అందరికీ నమస్కారమండీ. వెనక నిలబడ్డవాళ్లు ముందుకి రండి, కింద చాప వేశారు, పిల్లలు ఇక్కడే కూర్చోవచ్చు. నేను తెచ్చినవి చిన్న చిన్న వస్తువులు, దూరం నుంచి కనిపించవు. చేతికి అందేంత దగ్గర మాత్రం వద్దు, ఇక్కడ మంట ఉంటుంది.

ముందు ఒక పని చేసేస్తాను. ఈ స్పిరిట్ దీపం వెలిగించి ఈ గాజు గొట్టం చివర కింద పెడుతున్నాను. ఇది వేడెక్కడానికి కొంచెం టైం పడుతుంది. దాని పని అది చేసుకుంటుంది, ఈలోపు మనం మాట్లాడుకుందాం. మధ్యలో టక్ మని చప్పుడు వస్తే అది గోళీల చప్పుడు, కంగారు పడకండి.

నేను డయాగ్నస్టిక్ ల్యాబులో టెక్నీషియన్ని. రక్తం తీయడం, స్లైడ్లు చూడటం, రిపోర్టులు రాయడం, ఇదీ నా ఉద్యోగం. ఇంజనీరింగ్ చదవలేదు, లేత్ మెషిన్ లేదు, ఇంట్లో ఉన్న పెద్ద పనిముట్టు ఒక డ్రిల్లింగ్ మెషిన్. ఏడాదిన్నర నుంచి ఆదివారాలు కూర్చుని వేడిగాలి ఇంజన్లు చేస్తున్నాను. ఇప్పటికి మూడు తిరిగాయి. కాబట్టి ఇవాళ మీరు వింటున్నది కొత్తగా మొదలుపెట్టిన మనిషి మాట. ఈ పని ముప్ఫై ఏళ్లుగా చేస్తున్నవాళ్లకి తాము మొదట్లో ఎక్కడ ఆగిపోయారో గుర్తుండకపోవచ్చు, నాకైతే ఇంకా బాగా గుర్తుంది, అందుకే ఇప్పుడే చెప్పాలనిపించింది.

ఇంజన్ అనగానే మనకి పెట్రోలు, పొగ, చప్పుడు గుర్తొస్తాయి. వీటి లోపలికి అవేవీ వెళ్లవు. లోపల ఉన్నది మనం పీల్చుకునే గాలే. ఆ గాలి బయటికి పోదు, కొత్త గాలి లోపలికి రాదు. అదే గాలిని ఒకసారి వేడి చోటుకి, ఒకసారి చల్లటి చోటుకి మారుస్తూ ఉంటాం, అంతే. వేడి చోటుకి వెళ్లినప్పుడు ఉబ్బుతుంది, పిస్టన్‌ని బయటికి తోస్తుంది. చల్లటి చోటుకి వచ్చినప్పుడు ముడుచుకుంటుంది, అప్పుడు బయటున్న గాలి ఆ పిస్టన్‌ని లోపలికి నొక్కుతుంది. ఎంత ఉబ్బుతుందో ఒక లెక్క చెప్తాను, గుర్తుపెట్టుకోవడం తేలిక. మామూలు రోజున గదిలో గాలి 27 డిగ్రీలు అనుకుందాం, కెల్విన్ లెక్కలో, అంటే 273 కలిపితే, అది 300. దాన్ని 127కి తీసుకెళ్తే 400. అంటే మూడు పాళ్లున్న గాలి నాలుగు పాళ్లవుతుంది, మూడో వంతు పెరుగుతుంది. వంద డిగ్రీలకే మూడో వంతు! ఇది మొదటిసారి కాగితం మీద వేసుకుని చూసినప్పుడు, ఇంత తేలికగా దొరికే బలాన్ని మనం రోజూ పొయ్యి దగ్గర ఊరికే వదిలేస్తున్నామా అనిపించింది నాకు.

సరే, నా మొదటి ఇంజన్ ఇదిగో. ఇది పాలపొడి డబ్బా, రేకుది. దీని లోపల పైకీ కిందికీ కదిలే ఒక ముద్ద ఉంటుంది, దాన్ని డిస్‌ప్లేసర్ అంటారు, మనమూ అలాగే అందాం. గిన్నెలు తోముకునే స్టీలు పీచు ఉంటుంది చూడండి, నాలుగు పీచులు కలిపి గుండ్రంగా చుట్టి చేశాను. చాలామంది దీన్నే పిస్టన్ అనుకుంటారు, నేనూ అలాగే అనుకుని మొదట డబ్బాకి బిగువుగా పట్టేలా చేశాను. అది తప్పు. ఇది గోడకి తగలకూడదు, చుట్టూ ఒకటి రెండు మిల్లీమీటర్ల సందు ఉండాలి. దీని పని గాలిని చోటు మార్చడం మాత్రమే. ఇది కిందికి దిగితే కిందున్న వేడిగాలి పైకి, చల్లటి వైపుకి పోతుంది. పైకి లేస్తే పైనున్న గాలి కిందికి, మంట వైపుకి వస్తుంది. బలం ఇచ్చే పిస్టన్ వేరే ఉంది, పక్కన ఈ గొట్టం మూతికి బిగించిన రబ్బరు పొర. మా ల్యాబులో వాడే చేతి గ్లవ్ కత్తిరించి కట్టాను.

ఈ రెండూ పైనున్న ఒకే ఇరుసుకి తగులుకుని ఉంటాయి. ఇరుసు సైకిల్ స్పోకు, రెండు మిల్లీమీటర్ల మందం, పట్టకారుతో వంచితే క్రాంక్ అవుతుంది. రెండు వంపులు ఉంటాయి. గడియారంలో ఒకటి పన్నెండు దగ్గర ఉంటే రెండోది మూడు దగ్గర ఉన్నట్టు, పావు చుట్టు తేడాతో వంచాలి, తిరిగేటప్పుడు డిస్‌ప్లేసర్ ముందు ఉండాలి. ఎందుకంటే ముందు గాలి చోటు మారాలి, తర్వాత ఉబ్బాలి, అప్పుడే పిస్టన్ కదలాలి. ఇరుసు చివర పాత సీడీలు మూడు అంటించాను, అదే చక్రం.

ఇదంతా బిగించి, కింద దీపం పెట్టి, చక్రాన్ని వేలితో తిప్పాను. రెండు చుట్లు తిరిగి ఆగింది. మంట సరిపోలేదనుకుని వత్తి పెంచాను. ఈసారి ఇరవై, ముప్ఫై సెకన్లు గిర్రున తిరిగింది, ఆ సంతోషం నేను మాటల్లో చెప్పలేను, మా అమ్మని వంటింట్లోంచి పిలిచేలోపు నీరసించిపోయి ఆగింది. మళ్లీ వత్తి పెంచాను. పక్కన రెండో దీపం పెట్టాను. రబ్బరు మెత్తబడి చిరిగిపోయింది. కొత్త రబ్బరు కట్టాను, మళ్లీ అదే వరస. మూడు ఆదివారాలు ఇలాగే గడిచాయి. ఆగిపోయిన ప్రతిసారీ నాకు తోచింది ఒక్కటే, ఇంకా మంట కావాలి అని.

మా బాబాయికి సైకిల్ షాపు ఉంది, స్పోకులు ఆయన దగ్గరే తెచ్చుకుంటాను. నాలుగో వారం ఆ డబ్బా, దీపం పట్టుకెళ్లి షాపులోనే వెలిగించి చూపించాను. ఆయన మంట వంక చూడనే లేదు. డబ్బా పైభాగం మీద వేలు పెట్టి, చురుక్కుమంటే తీసేసి, "అమ్మాయ్, ఇది పైన కూడా కాలిపోతోందే, మరి నువ్వు చల్లబడాలన్న చోటేది?" అన్నారు. పంక్చర్లు చూసే తొట్టిలో ఒక గుడ్డముక్క ముంచి, పిండి, డబ్బా మెడకి చుట్టారు. నేను చక్రాన్ని వేలితో ఇలా అన్నాను. తిరిగింది. తిరుగుతూనే ఉంది. ఒక్క దీపంతో, చిన్న వత్తితో. గుడ్డ ఆరిపోయేదాకా తిరిగి మెల్లగా ఆగింది, బాబాయి మళ్లీ నాలుగు చుక్కలు పోస్తే మళ్లీ తిరిగింది. నిమిషానికి ఎన్ని చుట్లో ఫోన్లో స్లో మోషన్ తీసి లెక్కపెట్టాను, 140 దాకా వచ్చింది.

అక్కడ నాకు ఈ విద్యలో మొదటి ముక్క తలకెక్కింది. ఇంజన్‌ని తిప్పేది వేడి కాదు, తేడా. కింద ఎంత వేడిగా ఉందో, పైన ఎంత చల్లగా ఉందో, ఆ రెండింటికీ మధ్య ఉన్న తేడాయే తిప్పుతుంది. రేకు డబ్బా వేడిని పైకి పాకనిస్తుంది, నేను మంట పెంచేకొద్దీ పైభాగం కూడా వేడెక్కుతూ పోయింది, అంటే తేడాని నా చేతులతో నేనే తగ్గిస్తున్నాను. ఎండాకాలం కుండకి తడిగుడ్డ చుడతాం కదా, నీళ్లు ఆవిరవుతూ వేడిని పట్టుకుపోతాయి, బాబాయి చేసింది అదే.

ఈ సంగతి లెక్కలో కూడా ఉంది. ఫ్రాన్స్‌లో సాదీ కార్నో అనే ఆయన 1824లోనే చెప్పాడు, వేడితో నడిచే ఏ ఇంజన్ అయినా ఇంతకు మించి ఇవ్వలేదు అని ఒక హద్దు ఉంటుంది, ఆ హద్దు రెండు వైపుల ఉష్ణోగ్రతల మీదే ఆధారపడుతుంది అని. ఉదాహరణకి కింద 300 డిగ్రీలు, పైన 50 ఉందనుకోండి, నూటికి 43 దాకా పని రాబట్టే వీలుంది. అదే పైభాగం 200కి చేరితే నూటికి 17కి పడిపోతుంది. పోనీ అని మంట పెంచి కింద 400 చేశారనుకోండి, పైన 200 ఉన్నంతవరకు నూటికి 30 కూడా దాటదు. తడిగుడ్డతో 43 దగ్గర ఉన్నదాన్ని రెండు దీపాలు పెట్టి కూడా అందుకోలేం! మన ఇంజన్లు ఆ హద్దు దరిదాపులకి కూడా రావు, అది వేరే సంగతి, కానీ ఎటు వెళ్తే లాభమో ఆ లెక్క చూపిస్తుంది.

ఈ ఇంజన్‌కి స్టిర్లింగ్ ఇంజన్ అని పేరు. రాబర్ట్ స్టిర్లింగ్ అని స్కాట్లాండ్‌లో చర్చి పాస్టర్. 1790లో పుట్టారు, 1816లో దీనికి పేటెంట్ తీసుకున్నారు, పాస్టర్‌గా చేరింది కూడా అదే ఏడాది. 1818లో అక్కడి ఎయిర్‌షైర్‌లో ఒక రాళ్ల క్వారీలో నీళ్లు తోడటానికి ఆయన ఇంజన్ పెట్టారు. ఆ పేటెంట్‌లో అసలు గొప్పతనం ఇంజన్ కంటే అందులో ఆయన పెట్టిన ఒక చిన్న ఏర్పాటుది. ఎకానమైజర్ అన్నారు దాన్ని, ఇప్పుడు రీజనరేటర్ అంటున్నారు. గుడికి వెళ్తే చెప్పులు బయట స్టాండులో విడిచి లోపలికి వెళ్తాం, తిరిగొచ్చేటప్పుడు అవే తొడుక్కుంటాం కదా. అలాగ, వేడిగాలి చల్లటి వైపుకి వెళ్లేటప్పుడు దారిలో ఉన్న లోహం దగ్గర తన వేడిని విడిచి వెళ్తుంది, తిరిగి వేడి వైపుకి వచ్చేటప్పుడు అదే వేడిని తీసుకుని వస్తుంది. ప్రతిసారీ కొత్త చెప్పులు కొనక్కర్లేదు, అంటే ప్రతి చుట్టుకీ మంట మొదటి నుంచి వేడి చేయక్కర్లేదు. నేను స్టీలు పీచు వాడింది అందుకే. అంతకుముందు డిస్‌ప్లేసర్‌ని మూసిన చిన్న డబ్బాతో చేశాను, అప్పటికంటే పీచు పెట్టాక సగం వత్తితోనే తిరుగుతోంది. గాలి ఆ తీగల మధ్య నుంచి పోతూ వస్తూ ఉంటుంది, ప్రతి తీగా కాస్త వేడిని దాచి తిరిగి ఇస్తుంది. పాత్రలు తోమే పీచులో ఇంత సంగతి ఉందని నేను ముందు అనుకోలేదు.

ఆయన తమ్ముడు జేమ్స్ స్టిర్లింగ్ ఇంజనీరు. ఇద్దరూ కలిసి 1843లో డండీలో ఒక ఫౌండ్రీలో ఉన్న ఆవిరి ఇంజన్‌ని గాలి ఇంజన్‌గా మార్చారు. నాలుగేళ్లు నడిచింది. బొగ్గు తక్కువే తినేది, కానీ ఎప్పుడూ ఎర్రగా కాలుతుండే సిలిండర్ అడుగు మాటిమాటికీ చెడిపోయేది, చివరికి 1847లో దాన్ని తీసేసి మళ్లీ ఆవిరికి వెళ్లిపోయారు. ముసలితనంలో, 1876లో, రాబర్ట్ స్టిర్లింగ్ ఒక ఉత్తరం రాశారు. బెస్సెమర్ అనే ఆయన కనిపెట్టిన పద్ధతిలో చేసే ఇనుము ముప్ఫై అయిదు, నలభై ఏళ్ల ముందే వచ్చి ఉంటే గాలి ఇంజన్ గట్టెక్కేది అని అందులోని మాట. ఇంకో రెండేళ్లకి ఆయన పోయారు. నాకు ఈ కథ చదివినప్పుడల్లా మనసు బరువెక్కుతుంది. ఆలోచనలో లోటు లేదు, లెక్కలో లోటు లేదు, ఆ వేడికి తట్టుకునే లోహం ఆయన కాలానికి అందలేదు.

(చప్పుడు)

అదిగో! విన్నారా? టక్. ఇంకోటి. ఇటు చూడండి అందరూ, కదులుతోంది. వెనకవాళ్లు లేచి నిలబడినా ఫర్వాలేదు.

ఇది నా రెండో ఇంజన్. ఇందులో రేకు లేదు, క్రాంక్ లేదు, చక్రం లేదు. ఒక టెస్ట్‌ట్యూబు, అయిదు గోళీలు, ఒక గాజు సిరంజి, ఒక రబ్బరు కార్కు, అర అడుగు రబ్బరు గొట్టం. పెద్దవాళ్లలో ఏతం చూసినవాళ్లు ఉన్నారా? చెయ్యెత్తండి. చాలామంది ఉన్నారు. ఏతం మీద మనిషి అటూ ఇటూ నడిస్తే దూలం ఒకవైపు దిగుతుంది, ఇంకోవైపు లేస్తుంది కదా. ఇక్కడ దూలం ఈ టెస్ట్‌ట్యూబు, నడిచే మనిషి ఈ గోళీలు. ట్యూబు నడుముకి తీగ కట్టి స్టాండుకి వేలాడదీశాను, తూగుతుంది. మూసి ఉన్న చివర కింద దీపం. కార్కు ఉన్న చివర చల్లగా ఉంటుంది, దాని కింద సిరంజి నిలబెట్టి, సిరంజి లోపలి గాలికీ ట్యూబు లోపలి గాలికీ రబ్బరు గొట్టంతో దారి ఇచ్చాను. సిరంజి పిస్టన్ తల ఆ కార్కు చివరకి కట్టి ఉంది.

ఇప్పుడు నెమ్మదిగా చూడండి. గోళీలు కార్కు వైపు ఉన్నాయి, అంటే గాలి మంట వైపు ఉంది. వేడెక్కి ఉబ్బింది, సిరంజి పిస్టన్ పైకి లేచింది, కార్కు చివర పైకి పోయింది. ట్యూబు వాలింది కాబట్టి గోళీలు మంట వైపుకి దొర్లాయి, టక్. ఇప్పుడు గాలికి అక్కడ చోటు లేదు, చల్లటి వైపుకి వచ్చేసింది. ముడుచుకుంది, పిస్టన్ దిగింది, కార్కు చివర దిగింది, గోళీలు ఇటు దొర్లాయి, టక్. గోళీలే డిస్‌ప్లేసర్. ఇందాక డబ్బా లోపల కనపడకుండా జరిగిందంతా ఇక్కడ గాజులోంచి కనిపిస్తోంది. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు ముందు దీన్నే చేయండి అని నేను గట్టిగా చెప్తాను. ఒక పూట పని. నాకు మొత్తం మూడు వందల రూపాయల లోపే అయింది, అదీ సిరంజి ఊరికే దొరికింది కాబట్టి.

కొలతలు కావాలంటే రాసుకోండి. ట్యూబు 20 మిల్లీమీటర్ల వెడల్పు, 150 పొడవు. గోళీలు 16 మిల్లీమీటర్లవి, ఇరుక్కోకుండా దొర్లాలి, మరీ వదులుగా ఉండకూడదు. ట్యూబు బోరోసిలికేట్ గాజుదే కొనండి, మామూలు గాజు మంటకి పగులుతుంది. దాంతోపాటు గోళీలు వేసేటప్పుడు ట్యూబుని నిలువుగా పట్టుకుని జారవిడవకండి, అడుగు పగిలిపోతుంది, పడుకోబెట్టి దొర్లించండి.

సిరంజి గురించి మాత్రం కొంచెం ఎక్కువసేపు చెప్తాను. ఇప్పటి ప్లాస్టిక్ సిరంజి పనికిరాదు, అందులో పిస్టన్‌కి రబ్బరు ఉంటుంది, ఆ రాపిడి చాలు ఇంజన్ ఆగిపోవడానికి. గాజుది కావాలి. మా వీధిలో ఒక ఆర్‌ఎంపీ డాక్టరు గారు ఉండేవారు, వాళ్లింట్లో స్టీలు పెట్టెలో, ఆ రోజుల్లో నీళ్లలో మరిగించి వాడిన పెట్టెలోనే, నాలుగు సిరంజిలు అలాగే ఉన్నాయి. వాళ్లమ్మాయి పెట్టెతో సహా ఇచ్చేసింది. చేతిలోకి తీసుకుని వెలుతురుకి పట్టి చూస్తే గొట్టం మీద ఒక నంబరు, పిస్టన్ మీద అదే నంబరు చెక్కి ఉన్నాయి. ఆ రెండూ ఒకదానికొకటి అరగదీసిన జత. ఒక జత గొట్టంలో ఇంకో జత పిస్టన్ పెడితే గాలి కారిపోవచ్చు, లేదా పట్టేయవచ్చు. పరీక్ష ఎలాగంటే, మూతిని వేలితో మూసి పిస్టన్‌ని కొంచెం లాగి వదిలితే టప్పున వెనక్కి వెళ్లాలి. వేలు తీసి నిలువుగా పట్టుకుంటే దాని బరువుకి అదే జారాలి. ఈ రెండూ జరిగితే అంతకంటే మంచి పిస్టన్ మనకి ఏ వర్క్‌షాపులోనూ దొరకదు. దానికి నూనె వేయకండి, నూనె జిగురుకి పట్టేస్తుంది. పొడిగా, శుభ్రంగా తుడిచి పెట్టాలి.

డబ్బా ఇంజన్ దగ్గరికి మళ్లీ వస్తాను, ఎందుకంటే ఎక్కువమంది అదే చేస్తారు, అక్కడే ఎక్కువమంది మానేస్తారు. చల్లటి వైపు సరిచేశాక కూడా తిరగకపోతే మిగిలినవి రెండే, గాలి కారడం, రాపిడి. గాలి కారుతోందో లేదో చూడటానికి పంక్చర్ షాపు పద్ధతే. చల్లగా ఉన్నప్పుడు డబ్బాని బకెట్ నీళ్లలో ముంచి రబ్బరు పొరని మెల్లగా నొక్కండి, బుడగలు ఎక్కడొస్తే అక్కడ చిల్లు. తర్వాత పూర్తిగా ఆరబెట్టాకే వెలిగించాలి, లోపల నీళ్లు ఉండిపోతే ఆవిరి పుట్టి రబ్బరు ఊడి వేడి నీళ్లు ముఖాన పడతాయి, ఈ ఒక్క విషయంలో నిర్లక్ష్యం వద్దు.

డిస్‌ప్లేసర్ తీగ మూతలోంచి బయటికి వచ్చే చోటు అన్నిటికంటే ఇబ్బంది పెట్టేది. బిగువుగా ఉంటే రాపిడి, వదులుగా ఉంటే గాలి కారుతుంది. నేను నెలరోజులు దీంతో పోరాడాను. చివరికి నా ఉద్యోగంలో రోజూ చూసే వస్తువే పనికొచ్చింది, 18 గేజ్ ఇంజక్షన్ సూది. దాని లోపలి బోలు సుమారు 0.84 మిల్లీమీటర్లు. 22 గేజ్ స్టీలు తీగ 0.7. సూదిని మూతలో నిలువుగా అంటించి, మొన అరగదీసి, తీగని అందులోంచి పోనిస్తే హాయిగా జారుతుంది, ఒక చుక్క కుట్టుమెషిన్ నూనె వేస్తే ఆ సన్నటి సందులో నూనే గాలిని ఆపుతుంది. కొత్త సూది మెడికల్ షాపులో కొనుక్కోండి, వాడిన సూది ఎట్టి పరిస్థితుల్లోనూ ముట్టుకోకండి, ల్యాబులో పనిచేసే మనిషిగా చెప్తున్నాను.

అంటించడానికి ఎరాల్డైట్, ఎంసీల్ అందరి ఇళ్లలో ఉంటాయి, కానీ అవి చల్లటి వైపు మాత్రమే. మంట వైపు మెత్తబడి ఊడిపోతాయి. సోల్డరింగ్ కూడా అంతే, మామూలు సోల్డర్ 190 డిగ్రీల లోపే కరిగిపోతుంది. మంట తగిలే భాగంలో అతుకే లేకుండా చూసుకోవడం మేలు, అందుకే డబ్బా అడుగు ఎప్పుడూ ఫ్యాక్టరీ నుంచి వచ్చిన అడుగే అయి ఉండాలి. కూల్‌డ్రింక్ డబ్బా వాడేవాళ్లు పైనున్న రంగు కాలేటప్పుడు వచ్చే పొగ పీల్చకండి, ఆరుబయట ఒకసారి కాల్చేసి తెచ్చుకోండి, కత్తిరించిన అంచు బ్లేడులా కోస్తుంది, దానికి టేపు వేయండి.

రాపిడికి నా పరీక్ష ఇది. రబ్బరు పొరని ఇరుసు నుంచి విప్పేసి చక్రాన్ని వేలితో ఒక్కసారి తిప్పండి. పదిహేను, ఇరవై చుట్లు తిరగాలి. నాలుగు చుట్లకే ఆగితే దీపం వెలిగించే పనే పెట్టుకోకండి, ఎక్కడ రాసుకుంటోందో చూడండి. ఎప్పుడూ ఒకే చోట ఆగుతుంటే డిస్‌ప్లేసర్ బరువు లాగుతోందని అర్థం, దానికి ఎదురుగా సీడీ అంచున ఒక చిన్న నట్టు అంటిస్తే సరిపోతుంది.

స్పిరిట్ దీపం గురించి ఒక మాట, పిల్లలు కూడా ఉన్నారు కాబట్టి. ఎండ వెలుతుర్లో స్పిరిట్ మంట కనిపించదు. ఆరిపోయిందనుకుని స్పిరిట్ పోయబోతే సీసాకి అంటుకుంటుంది. మూత పెట్టి ఆర్పాలి, చల్లారేదాకా ఆగాలి, అప్పుడే పోయాలి. పక్కన పెద్దవాళ్లు లేకుండా వెలిగించొద్దు, తడిగుడ్డ ఒకటి దగ్గర ఉంచుకోవాలి, అది ఇంజన్‌కీ పనికొస్తుంది.

మీ ప్రశ్నలు అడగండి.

(దీంతో ఇంట్లో కరెంటు తయారుచేసుకోవచ్చా అని ఒకరు అడిగారు.)

ఇంతదాంతో రాదండీ. కొవ్వొత్తి మంటలోనే దాదాపు యాభై వాట్ల వేడి ఉంటుంది, దాంట్లోంచి నా డబ్బా ఇంజన్ ఇచ్చేది వాట్‌లో ఏ వందో వంతో. మామూలు గాలి పలచన, దాంట్లో ఎక్కువ బలం పట్టదు. 1853లో అమెరికాలో జాన్ ఎరిక్సన్ వేడిగాలితో ఏకంగా ఓడ నడిపించాడు, దాని సిలిండర్లు ఒక్కొక్కటి 14 అడుగుల వెడల్పు, ఈ గోడ నుంచి ఆ కిటికీ దాకా అనుకోండి. అంత పెద్దవి పెట్టినా వేగం చాలలేదు, తీసేసి ఆవిరి ఇంజన్లు బిగించారు. తర్వాత కాలంలో లోపల హీలియం, హైడ్రోజన్ బాగా ఒత్తి నింపి చిన్న ఇంజన్లోనే బలం రాబట్టారు. స్వీడన్‌వాళ్ల గాట్‌లండ్ తరగతి జలాంతర్గాముల్లో, 1996 నుంచి, స్టిర్లింగ్ ఇంజన్లు ఉన్నాయి, ఒక్కోటి 75 కిలోవాట్లు. చప్పుడు ఉండదు, లోపల పేలడం ఉండదు, ఇక చల్లటి వైపుకి చుట్టూ సముద్రమే ఉంది. హాలండ్‌లో ఫిలిప్స్ కంపెనీ 1930ల చివర్లో మొదలుపెట్టి, కరెంటు లేని ఊళ్లలో రేడియోలు నడపడానికి 200 వాట్ల లోపు చిన్న జనరేటరు తయారుచేసింది, అది బయటికి వచ్చేసరికి ట్రాన్సిస్టర్ వచ్చేసింది, రేడియోకి నాలుగు బ్యాటరీలు చాలాయి. మన దేశంలోనే కరెంటు రాని కాలంలో అడుగున కిరోసిన్ దీపం పెడితే తిరిగే ఫ్యాన్లు ఉండేవి, అవీ వేడిగాలి ఇంజన్లే. కాబట్టి పనికిరాదని కాదు, పనికి తగ్గట్టు కట్టాలి. మంట లేకుండా, ఖర్చు లేకుండా ఇల్లంతా వెలిగిస్తుందని వీడియోల్లో ఎవరైనా చూపిస్తే మాత్రం నమ్మకండి, డబ్బు కట్టకండి.

(ఆ మూడోది ఏమిటని ఒకరు అడిగారు.)

అదా, అది ఇంకా కొత్తది, పోయిన నెలే తిరిగింది. రెండు అల్యూమినియం బిళ్లలు, మధ్యలో సన్నటి థర్మాకోల్ డిస్‌ప్లేసర్, పైన గ్లవ్ రబ్బరు. దీనికి మంటే అక్కర్లేదు, వేడినీళ్ల గ్లాసు మీద పెడితే చాలు. ఇంత తక్కువ తేడాతో ఇంజన్ తిప్పవచ్చని జాగ్రెబ్‌లో ఇవో కోలిన్ అనే ప్రొఫెసర్ 1983లో చేసి చూపించారు. తర్వాత అమెరికాలో జేమ్స్ సెన్ఫ్ట్ అనే ఆయన దాన్ని ఎంత దాకా తీసుకెళ్లారంటే, అర డిగ్రీ తేడాకే తిరిగే ఇంజన్ చేశారు. అంటే అరచేతి వేడి ఎక్కువే దానికి. నాదానికి ఇంకా వేడినీళ్లు కావాలి, ఇదిగో ఫ్లాస్కులోంచి పోస్తున్నాను. స్టీలు గ్లాసు, పైన ఇంజన్. ఒక నిమిషం ఆగుదాం... ఇప్పుడు వేలితో చిన్నగా... తిరుగుతోంది.

(చాప మీద కూర్చున్న ఒక బాబు, వేడినీళ్లు కాకుండా ఐసు పెడితే ఏమవుతుందని అడిగాడు.)

నీ పేరేమిటి నాన్నా? వద్దులే, రికార్డు అవుతోంది. చాలా మంచి ప్రశ్న అడిగావు. ఇందాక ఏమనుకున్నాం? తిప్పేది వేడి కాదు, తేడా. ఐసు పెడితే కింద చల్లగా ఉంటుంది, పైన మన హాల్లో గాలి ముప్ఫై డిగ్రీల పైనే ఉంది. తేడా ఉందా, లేదా? ఉంది. అయితే తిరగాలి. కాకపోతే ఇప్పుడు డిస్‌ప్లేసర్ పైకి లేచినప్పుడు గాలి కిందికొచ్చి వేడెక్కుతోంది, ఐసు పెడితే అదే గాలి కిందికొచ్చి చల్లబడుతుంది. అంతా తిరగబడింది కదా, చక్రం కూడా ఉల్టా తిరగాలి.

కింద గేటు పక్కన చెరుకురసం బండి ఉంది, ఆయన దగ్గర ఐసు ఉంటుంది. అన్నయ్యని తోడు తీసుకుని ఈ గిన్నె పట్టుకెళ్లు, ఇదిగో పది రూపాయలు. మిగతావాళ్లు సీడీ మీద ఈ ఎర్ర చుక్క చూడండి, ఇప్పుడు కుడివైపుకి తిరుగుతోంది, బాగా గుర్తుపెట్టుకోండి. వాడు వచ్చేలోపు నేను ఈ నీళ్లు పారబోసి గ్లాసు చల్లారబెడతాను.